ఇరవై నాలుగో చెట్టు కింది మట్టి

వెలుగు 61

ఇది పండ్ల గుహ దినచర్య పుస్తకం. రాసేది కాపరి చౌడేశ్వరి. వయసు నలభై ఒకటి, ఈ పనిలో పంతొమ్మిదేళ్ళు. ఇంతవరకు వెలుగుకో, అంటే రోజుకో, వాక్యంతో సరిపెట్టుకున్నాను: ఇరవై నాలుగు బత్తాయి చెట్లు, లెక్క సున్నా, అంతా క్షేమం. సభవాళ్ళు ఈ పుస్తకం ఎన్నడూ తిప్పి చూడరు కనక, ఒక్కోసారి అదే వాక్యాన్ని వారానికి సరిపడా ముందే రాసిపెట్టేదాన్ని. ఇవాళ మాత్రం రాయడానికి చేయి రాలేదు.

ఏడో చెట్టు ఆకులు పసుపెక్కి పది రోజులైంది. కాయలు గోలీల సైజు దాటలేదు. నీళ్ళు తక్కువయ్యాయేమోనని ఎక్కువ పెట్టాను, ఎక్కువయ్యాయేమోనని మానేశాను. ఈ పొద్దున దీపాలు వెలగగానే చెట్టు మొదట్లో జానెడు లోతు తవ్వి ఒక వేరు బయటికి తీశాను. వేరు పొడవునా బుడిపెలు ఉన్నాయి. గోటితో ఒకటి చీల్చి భూతద్దం కింద పెడితే లోపల నులిపురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

నాకు అర్థం కానిది పురుగు కాదు. మట్టిలో లెక్కపుల్ల గుచ్చి చూశాను. సున్నా. మట్టిలో ఎన్ని ప్రాణాలున్నాయో చూపించే పుల్ల అది, ఇన్నేళ్ళలో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. తొమ్మిది రోజుల కిందటే ఈ గుహ మొత్తానికి శుద్ధిగాలి పట్టించాం. పురుగులన్నీ చచ్చాయి, లెక్క సున్నా, మరి ఇవి ఎక్కడివి?

వెలుగు 63

దస్తగిరి వచ్చాడు. గనిలో గొట్టాల పనంతా అతనిదే. మట్టి కింద వేసిన గొట్టాల్లోకి శుద్ధిగాలిని వదిలేదీ అతనే. నేను నిష్ఠూరంగా మాట్లాడేసరికి మొహం ముడుచుకుని, యంత్రం ముల్లు చూపించాడు.

"నేను గాలి సరింగానే ఇడిసినా చౌడక్కా. ముల్లు యాడుండాదో సూడు. పురుగులు యాడనుంచి వస్తాండాయో నాకేం తెలుస్తాది?"

ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. పోయినేడాది కొత్తగా దొరికిన ఊట నీళ్ళతో వస్తున్నాయేమోనన్నాడు. ఆ నీళ్ళు కాచి చల్లార్చి పోద్దామంటే ఇంధనం లేదు. రెండోసారి గాలి పట్టించమన్నాను. వేళ్ళకు మంచిది కాదేమోనని నసిగాడు కానీ, నేను కాపరిని, అతను కాదు.

వెలుగు 72

ఏడు, ఎనిమిది, తొమ్మిది చెట్లు. ఆపైన మూడు, నాలుగు. నిన్న పద్నాలుగు. ఆకులన్నీ పసుపు.

గోడ మీద సుద్దతో పట్టీ గీశాను. ఏ చెట్టుకు ఎన్నిసార్లు గాలి పట్టించాం, ఏ చెట్టు వేరుకు ఎన్ని బుడిపెలు. ఎక్కువ గాలి తిన్న చెట్టుకు ఎక్కువ బుడిపెలు ఉన్నాయి. అంకెలు తలకిందులుగా రాశానేమోనని తుడిచి మళ్ళీ రాశాను. మళ్ళీ అదే వచ్చింది. సుద్దముక్క విసిరి కొట్టాను, అది రెండు ముక్కలైంది. ఇప్పుడు రెండు ముక్కలతోనూ రాయాల్సి వస్తోంది.

మధ్యాహ్నం మా అక్క ఓబులమ్మ తనిఖీకి వచ్చింది. అక్క గని మొత్తానికి సున్నా అధికారి. ఏ గుమ్మంలోనైనా పెట్టెలో చేయి పెడితే, ఒంటి మీద క్రిమి లేదని అది "సున్నా" అని పలుకుతుంది, అప్పుడే తలుపు తెరుచుకుంటుంది. ఆ పెట్టెలన్నిటి మీదా పెత్తనం ఆమెదే. మేం ఒకరికొకరు ఎదురైనా అదే మాట అనుకుంటాం. యాభై ఎనిమిదేళ్ళ కిందట పైన తెగుళ్ళు చెలరేగినప్పుడు మా పెద్దలు ఈ పాత ముగ్గురాయి గనిలోకి దిగారు. ఒళ్ళూ ఇల్లూ తోముకుని, వాడినదల్లా కాల్చుకుని బతికిన వాళ్ళు వాళ్ళు. సున్నా మాకు ప్రాణం పోసిందని చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అక్క చెట్లన్నీ తిరిగి చూసింది. మాట్లాడుతుండగా నోట్లోంచి ఎర్రగా వచ్చింది, గబుక్కున గుడ్డతో ఒత్తుకుంది. పళ్ళ చిగుళ్ళ నుంచి నెత్తురు కారడం మొదలైందన్నమాట. దానికి మందు బిళ్ళలు అయిపోయి రెండేళ్ళు. గనిలో మూడు వందల పన్నెండు మందికి మనిషికి రోజుకు రెండు తొనల బత్తాయి ఒక్కటే దిక్కు. ఇప్పుడు తొన ఒకటికి తగ్గించాం. అక్క తన తొన ఎవరికో ఇచ్చేస్తోందని నాకు అనుమానం.

పోతూ పోతూ సభ మాట చెప్పింది. రెండు వందలో వెలుగు నాటికి పన్నెండు చెట్లయినా పూత పట్టకపోతే ఈ గుహ దీపాలు పీకి పాచి తొట్ల మీద పెడతారట. పాచి తింటే కడుపు నిండుతుంది, చిగుళ్ళు ఆగవు. ఆ సంగతి సభకూ తెలుసు. కానీ ఎండిన చెట్ల మీద దీపాలు వెలిగించి కూర్చోలేం కదా అన్నారట. వాళ్ళ మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. వాళ్ళ స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని.

వెలుగు 81

నిన్న పదో రోజు కడుగుడు. కాపర్లందరం పది రోజులకోసారి పొద్దంతా కడుగుడు గదిలో ఉండి ఒళ్ళు మరిగించుకోవాలి. నీళ్ళలో కూర్చుని ఒకటే ఆలోచన చేశాను. నా పట్టీలో ఇరవై నాలుగో చెట్టు లేదు.

ఎందుకు లేదంటే దానికి గాలి గొట్టం లేదు. గుహ చివర, గోడ వారగా ఉంటుంది. గొట్టం ఇరవై మూడు దగ్గరే ఆగిపోతుంది. ఈ గుహలో మొట్టమొదట నాటిన వరసలో మిగిలింది అదొక్కటే. నలభై ఎనిమిదేళ్ళ చెట్టు. మిగతావన్నీ పది, పన్నెండేళ్ళకు ఎండిపోయి మళ్ళీ నాటినవే. బత్తాయికి ఆయుష్షు అంతే అనుకుంటాం మేం. మరి ఇరవై నాలుగుకు ఎందుకు అంత కాదో పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. అది బాగా ఉన్న చెట్టు. బాగా ఉన్నదాని జోలికి ఎవరు పోతారు?

ఇవాళ పోయాను. ముదురాకుపచ్చ, కొమ్మకు కొమ్మకు కాయ. దాని కింద నేల మిగతా గుహకంటే మూరెడు ఎత్తు. కట్టినవాళ్ళు అలా వదిలేశారనుకునేదాన్ని. తవ్వితే మా బూడిదరంగు రాతిపిండి కాదు, నల్లటి మట్టి. పిడికిట పడితే ముద్దగా నిలిచింది, వేలితో తాకితే పొడిగా విడిపోయింది. వాసన కూడా ఉంది. ఆ వాసనకు పేరు నాకు తెలియదు.

వేరు తీశాను. దాని మీదా బుడిపెలు ఉన్నాయి. నాలుగో ఐదో, కానీ ఉన్నాయి. అంటే పురుగు ఇక్కడికీ వచ్చింది, వచ్చి ఊరుకుంది. ఎందుకు?

లెక్కపుల్ల గుచ్చాను. 1140.

చట్టం ప్రకారం ఐదు దాటితే గుహ మూసేయాలి. పుల్ల పాడైందని దస్తగిరి దగ్గరికి పరిగెత్తాను. కాచిన నీళ్ళలో ముంచితే సున్నా, అతని నాలిక మీద పెడితే అంకెలు గిర్రున తిరిగాయి. పుల్ల బాగానే ఉందన్నాడు. ఎక్కడ గుచ్చావని అడగలేదు. ప్రతిదీ ఆరా తీసే మనిషి, ఇది మాత్రం అడగలేదు.

వెలుగు 83

రెండు రోజులుగా ఆ మట్టిని భూతద్దం కింద చూస్తున్నాను. కళ్ళు మండుతున్నాయి.

అందులో ఎవరెవరో ఉన్నారు. నులిపురుగులే నాలుగైదు రకాలు. అన్నీ వేళ్ళు తినేవి కావు, ఒకదాన్నొకటి తినేవీ ఉన్నాయి. ఎనిమిది కాళ్ళ చిన్న జీవాలు ఉన్నాయి. అన్నిటికంటే వింతవి తెల్లటి దారాలు. వెంట్రుకలో పదో వంతు సన్నం, వాటికి అక్కడక్కడ ఉచ్చులు. ఒక ఉచ్చులోకి వేరు పురుగు దూరింది. ఉచ్చు బిగిసింది. పురుగు కొంతసేపు కొట్టుకుని ఆగిపోయింది. దారం దాని ఒంట్లోకి పాకి తినడం మొదలుపెట్టింది. అన్నం తినకుండా సాయంత్రం దాకా చూశాను.

అప్పుడు పట్టీ అర్థమైనట్టనిపించింది. మేం గాలి పట్టిస్తే మట్టిలో ఉన్నవన్నీ చస్తాయి. వేరు లోపల దాక్కున్న పురుగు చావదు, పుల్లకూ అందదు. బయటికొచ్చేసరికి దాన్ని తినేవాళ్ళు ఎవరూ ఉండరు, నేలంతా దానిదే. పంతొమ్మిదేళ్ళుగా నేను దానికి నేల ఊడ్చి పెడుతున్నాను.

అర్థమైనట్టనిపించిందని రాశాను కానీ, అర్థమైందని రాయలేను. ఇది నిజమైతే సున్నా తప్పు. సున్నా తప్పయితే మేమెలా బతికున్నాం? మనిషికి ఒక లెక్క, మట్టికి ఒక లెక్క ఉంటుందా? నాలుగుసార్లు చేతులు కడుక్కున్నాను. చేతులు శుభ్రంగానే ఉన్నాయి, నాకు మాత్రం ఆ మట్టి ఇంకా అంటుకునే ఉన్నట్టుంది.

వెలుగు 84

ఈ పేజీ చదివే సభవారికి: 1140 సంగతి మీకు చెప్పాలి. చెప్పడం లేదు. ఎలాగూ మీరు చదవరు.

ఇరవై నాలుగు కింది నుంచి తట్టెడు మట్టి తవ్వి ఏడో చెట్టు మొదట్లో పోశాను. ఏడుకు వెళ్ళే గాలి గొట్టాన్ని గుడ్డ కుక్కి మూసేశాను. మేకల సొరంగం నుంచి కాల్చడానికి పోతున్న పెంటలో గంపెడు అడిగి తెచ్చి పైన కప్పాను. ఏం చేసుకుంటావని అడిగితే నేల చల్లబడటానికన్నాను. నాకు అబద్ధం చెప్పడం అంత బాగా రాదు కానీ, వాళ్ళు పట్టించుకోలేదు.

తవ్వుతుంటే ఒకచోట మట్టి మూకుడు తగిలింది, బోర్లించి ఉంది. ఎత్తితే కింద ఏమీ లేదు, ఇంకా నల్లటి మట్టి, ఉప్పు గళ్ళు, పసుపు మరక. ఎవరు పాతారు? వంటగది చెత్తా? చెత్తను మూకుడు కింద బోర్లించి పసుపు వేసి ఎవరు పాతుతారు? ఎక్కడున్నది అక్కడే పెట్టి మట్టి కప్పాను.

వెలుగు 91

నిన్న కడుగుడుకు పోయి ఇవాళ వచ్చేసరికి ఇరవై నాలుగు కింద నేల తడిగా, చేత్తో తట్టినట్టు నున్నగా ఉంది. నేను తవ్విన గుంట పూడ్చి ఉంది. నా పార గోడకు ఆనించి ఉంది. నేను పార ఎప్పుడూ పడుకోబెడతాను.

ఈ గుహ తాళంచెవులు రెండే. ఒకటి నా మొలకు ఉంటుంది, రెండోది సున్నా అధికారి దగ్గర. అక్క ఎవరికైనా ఇచ్చిందా అని దస్తగిరిని అడిగాను. అతను గుహ కప్పు వైపు చూసి, అక్కడ గొట్టం కారుతున్నట్టుంది అని వెళ్ళిపోయాడు. కప్పు మీద గొట్టమే లేదు.

వెలుగు 112

ఏడో చెట్టు చిగురు వేసింది.

ఐదు కొమ్మల మీద వేలెడంత లేతాకు. తవ్వి చూస్తే పాత వేళ్ళ మధ్యనుంచి కొత్త వేళ్ళు, తెల్లగా, పాలపళ్ళలా. బుడిపెలు మూడే. మిగతా ఇరవై రెండు చెట్లలో తొమ్మిది పూర్తిగా ఆకు రాల్చాయి. ఏడో చెట్టు మొదట్లో లెక్క 86.

గట్టిగా నవ్వాను. తర్వాత భయమేసింది. గాలి పట్టని మట్టి, పెంట, చట్టానికి పదిహేడింతల లెక్క. దీనికి శిక్ష బయటి సొరంగంలో నలభై రోజులు ఒంటరిగా ఉంచడం. నాకు అది ఫరవాలేదు, ఇంట్లో ఎదురుచూసేవాళ్ళెవరూ లేరు. మా ఆయన పోయి ఆరేళ్ళు, పిల్లలు కలగలేదు. కానీ నన్ను బయట పెడితే వీళ్ళు వచ్చి మొదట ఇరవై నాలుగు కింద గాలి పట్టిస్తారు. ఆ మట్టి పోతే ఇంకోచోట లేదు. చెట్లు పోతాయి, అందరి చిగుళ్ళూ కారతాయి.

దొంగతనంగా ఒక చెట్టును బతికించగలను. ఇరవై మూడింటిని బతికించాలంటే చెప్పి చేయాలి.

వెలుగు 114

సభకు పోయి అంతా చెప్పేశాను. 1140, ఉచ్చులు, ఏడో చెట్టు, గుడ్డ కుక్కిన గొట్టం. ఇరవై నాలుగు కింది మట్టంతా తవ్వి మిగతా చెట్లకు పంచడానికి అనుమతి అడిగాను. శిక్ష వేస్తే ఆ పని అయ్యాక వేయమన్నాను.

సభలో తొమ్మిది మంది. ముగ్గురు మగవాళ్ళు, ఆరుగురు ఆడవాళ్ళు. మగవాళ్ళలో పెద్దాయన 1140 వినగానే కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఆడవాళ్ళు జరుపుకోలేదు. ఒకావిడ తన గోళ్ళు చూసుకుంది, ఇంకొకావిడ అధికారిగా పక్కన కూర్చున్న మా అక్క వైపు చూసింది. అక్క నేల చూపులు చూసింది. పావుగంట కూడా పట్టలేదు. తీర్పు చదివారు. కాపరికి శిక్ష లేదు. ఏడో చెట్టును అలాగే ఉంచవచ్చు. ఇరవై నాలుగో చెట్టుకు గాలి పట్టించకూడదు. దాని కింద తవ్వకూడదు.

మూసేయడం లేదు, తవ్వనివ్వడం లేదు. చట్టం ప్రకారం రెంటిలో ఒకటి కావాలి కదా? వీళ్ళు భయపడితే మూసేయాలి, నమ్మితే తవ్వనివ్వాలి. ఇంటికొచ్చి తీర్పు కాగితం మూడుసార్లు చదివాను.

వెలుగు 115

పొద్దున్నే అక్క ఇంటికి పోయి పోట్లాడాను. ఆ మట్టి లేకుండా నేను చేయగలిగింది లేదని, ఎనభై ఐదు రోజుల్లో రాతిపిండికి ప్రాణం పోయడం నా వల్ల కాదని, నువ్వు సభలో నోరెత్తి ఒక్క మాట అనలేదని అరిచాను. నీ పళ్ళు ఊడితే నేను నమిలి పెట్టాలా అని కూడా అన్నాను. అది అనకుండా ఉండాల్సింది.

అక్క తలుపు మూసి వచ్చి ఎదురుగా కూర్చుంది. నోరు ఒత్తుకునే గుడ్డను నాలుగు మడతలు పెట్టింది.

"ఆడ తవ్వద్దు చౌడీ. నా ఇద్దరివీ ఆడే ఉండాయి."

ఏమున్నాయని అడిగాను. నిజంగానే అర్థం కాలేదు.

"మాయలు. బిడ్డతో పాటు పడే మాయ. ఈ గనిలో పుట్టిన ప్రతి బిడ్డదీ ఆడే పెట్టినారు. కాలిస్తే తల్లికి పాలు ఇగిరిపోతాయంటారు గదా. కాల్చినట్టు నేను సంతకం పెడతా. మహబూబ్బీ తీస్కపోయి పాతిపెడ్తాది."

మహబూబ్బీ మా మంత్రసాని. డెబ్బై ఎనిమిదేళ్ళు. నేను కడుగుడుకు పోయే పదో రోజున అక్క తాళంతో వాళ్ళు వస్తారట. మూకుడులో మాయ, పైన ఉప్పు, పసుపు. వాసన రాకుండా మేకల పెంట కప్పుతారు. ఆ తర్వాత మూడు నెలలు బాలింత మిగిల్చిన గంజి, వెల్లుల్లి పొట్టు, తొక్కలు ఆ చోటే పాతాలట. నలభై ఎనిమిదేళ్ళు. ఆ చెట్టు నాటాక గనిలో పుట్టిన వాళ్ళందరూ. నేను రాతిపిండి అనుకున్న మూరెడు ఎత్తు అదన్నమాట.

నాకెందుకు చెప్పలేదన్నాను.

అక్క మొదట, నువ్వు కాపరివి, తెలిస్తే పుస్తకంలో రాయాల్సొస్తుందని అంది. కొంచెం ఆగి, పిల్లలు లేని దానివి, చెప్తే బాధపడతావని ఎవరూ చెప్పలేదంది. రెంటిలో ఏది నిజమని అడిగాను. నాకూ తెలీదంది.

వెలుగు 116

పుస్తకంలో రాయాలా వద్దా అని ఒక పూట ఆలోచించాను. రాశాను, నిన్నటి పేజీ చూడండి.

దస్తగిరికీ తెలుసట. మొదట గొట్టాలు వేసిన వాళ్ళ నాన్నే ఇరవై మూడు దగ్గర ఆపేశాడట. దస్తగిరి తల వంచుకుని, మా ఆవిడది మూడుసార్లు నేనే మోసుకొచ్చినా అక్కా అన్నాడు. అంటే మగవాళ్ళకు కూడా తెలుసు. మూడు వందల పదకొండు మందికి తెలిసి, ఆ గుహలోనే పంతొమ్మిదేళ్ళు ఉన్న నాకు తెలియదు. సభలో వాళ్ళ మధ్య నిలబడి ఆ మట్టి గుణం గురించి ఉపన్యాసం ఇచ్చాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కోపం వచ్చింది. తర్వాత ఏడుపు వచ్చింది, అది ఎవరి మీదో తెలియలేదు.

ఏడ్చాక పట్టీ ముందు కూర్చున్నాను. వాళ్ళ మాయలు తవ్వి చెట్లకు పోయమని నేనెలా అడగను? అడగకపోతే ఆ పిల్లల పళ్ళు ఊడతాయి. రెండు పక్కలా ఉన్నది ఆ పిల్లలే.

వెలుగు 120

కడుగుడుకు పోలేదు. గుహలోనే కూర్చున్నాను. తలుపు తెరుచుకుని ఏడుగురు ఆడవాళ్ళు వచ్చారు, మధ్యలో మహబూబ్బీ. ఒక బాలింత చేతిలో మూకుడు. నన్ను చూసి అందరూ ఆగిపోయారు.

వాళ్ళను ఏడో చెట్టు దగ్గరికి తీసుకుపోయి, తవ్వి తెల్లటి వేళ్ళు చూపించాను. భూతద్దం ఇచ్చాను. ఒకరి తర్వాత ఒకరు ఉచ్చుల్ని చూశారు. పక్కన ఎనిమిదో చెట్టు వేరు పెట్టాను, ముద్దలు ముద్దలుగా ఉంది. మీరు పెట్టిందే దీన్ని బతికించింది, నేను కాదు అన్నాను. ఇంకా కావాలి, కానీ నేను తవ్వను అన్నాను.

మహబూబ్బీ ఏడో చెట్టు లేతాకును వేళ్ళ మధ్య నలిపింది.

"పెట్టేది భూమికే గదమ్మీ. ఈ చెట్టు కిందుంటే భూమి, ఆ చెట్టు కిందుంటే కాదా? ఎవురిది వాళ్ళే తీసి వాళ్ళే పోస్తారు. ఇంగొకరి చెయ్యి పడగూడదు. అంతే."

ఎవరిది ఎక్కడుందో ఎలా తెలుస్తుందని అడిగాను. ఆమె చెట్టు మానుకు చేయి ఆనించి, వేళ్ళు చాపి జానలు కొలవడం మొదలుపెట్టింది.

వెలుగు 127

రోజూ నలుగురైదుగురు వస్తున్నారు. మహబూబ్బీ అంతకంటే ఎక్కువసేపు కూర్చోలేదు. ముక్కాలిపీట మీద కూర్చుని, కళ్ళు మూసుకుని చెబుతుంది: తూర్పు వేరు నుంచి రెండు జానలు, గోడ వైపు బెత్తెడు, పెద్దోనిది. చెప్పిన చోట ఆ తల్లి కూర్చుని చేతులతోనే తవ్వి, దోసిళ్ళతో తట్టలోకి తీసుకుంటుంది. ఏ చెట్టుకు పోయాలో తల్లి ఇష్టం. నేను ఆ చెట్టు గాలి గొట్టం మూస్తాను, పెంట, తొక్కలు కప్పుతాను. తల్లి చనిపోయి ఉంటే బిడ్డ వస్తాడు. మీసాలున్న మగవాళ్ళు వచ్చి, అమ్మ పెట్టినదాన్ని తవ్వుకుని, ఏం మాట్లాడాలో తెలియక చెట్టు మొదట్లో పోసి పోతున్నారు.

ఇవాళ అక్క వచ్చింది. తన ఇద్దరిదీ తీసి ఎనిమిదో చెట్టుకు పోసింది. తర్వాత లెక్కపుల్ల తీసుకుని చూసింది. 41 అని చెప్పింది. ఏం రాయమంటావన్నాను. 41 అని రాయమంది. పోయేటప్పుడు గుమ్మం దగ్గర కాళ్ళూ చేతులూ రెండుసార్లు కడుక్కుంది.

వెలుగు 163

పద్నాలుగు చెట్లు చిగురు వేశాయి. మూడు ఎండిపోయాయి, పీకేశాం. ఇరవై నాలుగు కింద నేల గుంటలు పడింది. కానీ వంటగదుల్లో తొక్కలు కాల్చడం మానేసి మాకే పంపుతున్నారు కనక గుంటల్లో అవి నింపుతున్నాం. ఇంకా కొందరు ముక్కుకు గుడ్డ కట్టుకుని వస్తారు. నేనూ మొదటి గంట కట్టుకుంటాను. ఈ రెండూ కలిపి ఎలా బతకాలో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు. ఒకావిడ మట్టి పోసి వచ్చి, గుమ్మంలో పెట్టె "సున్నా" అనకపోతే ఏం చేయాలని అడిగింది. కడుక్కో అన్నాను. అంతకంటే నాకు తోచలేదు.

వెలుగు 200

సభవాళ్ళు తొమ్మిది మందీ వచ్చి లెక్కపెట్టారు. పదహారు చెట్లకు పూత. కుర్చీ వెనక్కి జరుపుకున్న పెద్దాయన నాలుగో చెట్టు దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడ్డాడు. అది ఆయన తన కూతురిది పోసిన చెట్టు. దీపాలు ఇక్కడే ఉంటాయని రాసి ఇచ్చారు.

వెలుగు 204

పదకొండో చెట్టు ఒక్కటే మిగిలింది. చావలేదు, చిగురించలేదు. తల్లులంతా తమకు దగ్గరగా ఉన్నవో నచ్చినవో ఎంచుకున్నారు. రాయి అడ్డంగా ఉండి చేరడం కష్టమని పదకొండును ఎవరూ కోరలేదు. ఇప్పుడు వచ్చి తవ్వుకోవాల్సిన వాళ్ళ పేర్లు అయిపోయాయి.

మహబూబ్బీకి ఆ మాట చెప్పి, ఇక మీరు రోజూ ఇంత దూరం రానక్కరలేదన్నాను. ఇరవై నాలుగో చెట్టును ఇక కదిలించకుండా వదిలేద్దామనీ, పదకొండుకు తొక్కలే వేసి ఏడాది చూస్తాననీ చెప్పాను. ఆమె పీట మీదినుంచి లేవలేదు.

"అయిపోలేదమ్మీ. ఇంగొకటుండాది. ఆ మనిషి వచ్చి అడుగుతాదని సూస్తాండా, అడగల్యా."

ఎవరని అడిగాను. చెప్పకుండా లేచి, మాను చుట్టూ నడిచి, గోడ పక్క లావు వేరు దగ్గర కూర్చుని జానలు కొలిచింది. మూడు జానలు. అక్కడ అరచేయి పెట్టింది.

"మీ యమ్మకు నీ కాన్పు కష్టమయ్యింది. మూడో రోజు గూడ ల్యాలేకపోయె. నన్నే పెట్టి రమ్మనింది. పెట్టి వచ్చినానని చెప్తే, గోడ పక్కనే గదా, ఎవురూ తొక్కరు గదా అని రెండుసార్లు అడిగింది."

నేను ఈ గనిలో పుట్టానని నాకు తెలుసు. పుట్టిన ప్రతి బిడ్డదీ అని అక్క చెప్పినప్పుడూ విన్నాను, నా చేత్తో ఈ పుస్తకంలో రాశాను కూడా. ఆ లెక్కలో నేనున్నానని మాత్రం ఇన్ని రోజుల్లో ఒక్కసారీ తట్టలేదు. పిల్లలు లేని దాన్ని, నాది ఇక్కడేముంటుంది అనుకున్నాను.

పార పక్కన పెట్టి చేతులతో తవ్వాను. మట్టి మెత్తగా వచ్చింది. తట్ట నిండాక పదకొండో చెట్టు దాకా మోసుకుపోయి, రాయి మీదుగా వంగి, వేళ్ళ చుట్టూ పోశాను. గొట్టం మూశాను, పెంట కప్పాను, నీళ్ళు పెట్టాను. తిరిగి వచ్చి మహబూబ్బీ చేయి పెట్టిన చోటు చూశాను. రోజూ మధ్యాహ్నం చెప్పులు విప్పి, గోడకు వీపు ఆనించి, నేను కూర్చుని సంగటి తినే చోటు అది.